రాత్రి రెండింటికి మధ్యాహ్నపు ఆక్సిజన్: రొయ్యల చెరువుల సెన్సర్ ఏపీఐ, ఒక కేస్ స్టడీ

భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో వనామీ రొయ్య సాగుచేసేవారికి తెల్లవారుజామున మూడు నుంచి ఆరు వరకు గడిచే సమయం గండం లాంటిది. పగలు నీటిలోని ప్లాంక్టన్, అంటే కంటికి ఆనని నాచులాంటి జీవజాలం, ఎండ తీసుకుని ఆక్సిజన్ తయారుచేస్తుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను అక్కడ అందరూ డీఓ అంటారు. మధ్యాహ్నం దాటాక అది గరిష్ఠానికి చేరుతుంది. పొద్దు గూకిన దగ్గరి నుంచి అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ కలిసి దాన్ని ఖర్చుచేస్తాయి. సూర్యోదయానికి కాస్త ముందు కనిష్ఠం. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉన్నంతసేపు భయం లేదు. 3కు దిగితే నీటిలో గాలి కలిపే ఏరేటర్లన్నీ తిరుగుతూ ఉండాలి. ఇంకా దిగితే రొయ్య పైకి తేలుతుంది. మబ్బు పట్టిన రోజున, ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చిపడిన రోజున ఈ పతనం చాలా వేగంగా ఉంటుంది.

ఈ కేసులోనివి నలభై చెరువులు. ఒక కుటుంబమూ వారి బంధువులూ కలిసి లీజుకు తీసుకుని నడుపుతున్నారు. ప్రతి చెరువు గట్టున ఒక పెట్టె ఉంటుంది. డీఓకు ఆప్టికల్ ప్రోబ్, ఉష్ణోగ్రతకు డీఎస్18బీ20, పీహెచ్‌కు ఒకటి, లవణీయతకు ఒకటి. వాటిని చదివేది ఈఎస్‌పీ32 బోర్డు, పంపేది 4జీ మోడెం. ఐదు నిమిషాలకోసారి నాలుగు విలువలు ఒక వెబ్ ఏపీఐకి, అంటే ప్రోగ్రాములు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ద్వారానికి, చేరతాయి. ఫోను యాప్ ఆ ఏపీఐ నుంచే వాటిని తెచ్చుకుంటుంది. ఇది వేరొక సంస్థ పెట్టి వెళ్లిన వ్యవస్థ. మేము తర్వాత వచ్చినవాళ్లం.

మమ్మల్ని పిలిచిన కారణం ఇది: యాప్‌లో డీఓ ఏడు కనిపిస్తున్న వేళ చెరువులో రొయ్య పైకి తేలింది. కాపలా మనిషి మాట ఇంకా సూటిగా ఉంది. "మీ ఫోనులో ఏడుందండి, మా చెరువులో ఊపిరి లేదండి."

ఉష్ణోగ్రత గీత చెప్పిన సాక్ష్యం

సెన్సర్ చెడిపోయిందని అందరి నమ్మకం. ప్రోబ్‌ను చేతిమీటరుతో పోల్చి చూస్తే తేడా లేదు. యాప్‌లో తప్పుందేమోనని చూస్తే, డేటాబేసులో ఉన్న అంకెనే అది చూపిస్తోంది. డీఓ గ్రాఫు కూడా అంత అసహజంగా లేదు. ఏరేటర్లు వేస్తే డీఓ పెరగడం మామూలే కదా.

ఆధారం దొరికింది పక్కనున్న ఉష్ణోగ్రత గ్రాఫులో. ఆ రాత్రి ఒంటిగంట యాభై అయిదు వరకు నీరు 29 డిగ్రీల చిల్లర. రెండు గంటలకు ఒక్క గెంతులో 32. గంటసేపు ఆ పైనే ఆడి, మూడు దాటాక మళ్లీ ఒక్క గెంతులో 29కి పడింది. ఎకరం చెరువులో ఐదడుగుల నీరంటే దాదాపు 60 లక్షల లీటర్లు. అంత నీరు ఐదు నిమిషాల్లో మూడు డిగ్రీలు వేడెక్కడానికి పశ్చిమ గోదావరిలో కొత్తగా అగ్నిపర్వతం ఏదైనా పుట్టాలి. కనుక అది ఆ రాత్రి నీరు కాదు. ఆ మధ్యాహ్నపు నీరు.

ఇక మిగతాది తేలికగానే బయటపడింది. ఆ రోజు మధ్యాహ్నం ఐదు గంటలపాటు నెట్‌వర్క్ లేదు. అప్పటి రీడింగులను పెట్టె తన ఫ్లాష్ మెమరీలో దాచుకుంది. అంతవరకు మెచ్చుకోవలసిన పనే. దాచిన రీడింగులను రద్దీ లేని వేళ పంపాలని, పెట్టెలోని ప్రోగ్రాము అయిన ఫర్మ్‌వేర్‌లో రాత్రి రెండు గంటల సమయం పెట్టారు. నిమిషానికి ఒకటి చొప్పున అరవై రీడింగులు, అంటే సరిగ్గా గంట. అవి వెళ్లేంతవరకు కొత్త రీడింగులు వెనుక వరుసలో నిలబడ్డాయి. అవతల ఏపీఐకి రీడింగు ఎప్పుడు కొలిచారో తెలియదు. పెట్టె ఆ సంగతి పంపనూ లేదు, ఏపీఐ అడగనూ లేదు. సర్వర్‌కు చేరిన క్షణాన్నే రీడింగు సమయంగా రాసుకుంది. డీఓ 4 దగ్గరికి జారుతున్న సమయంలో మధ్యాహ్నపు ఏడు వచ్చి పడింది. హెచ్చరిక మోగలేదు.

ఈ వ్యవస్థలో ఏ భాగమూ విడిగా చెడిపోలేదు. సెన్సర్ సరిగానే కొలిచింది, పెట్టె సరిగానే దాచింది, సర్వర్ వచ్చిందంతా పోగొట్టకుండా రాసుకుంది. అబద్ధం పుట్టింది వాటి మధ్య ఒప్పందంలో. ఏపీఐ అంటే ఆ ఒప్పందమే. అందుకే మేము ఒక్క సెన్సర్‌ను కూడా మార్చకుండా ఒప్పందాన్ని తిరగరాశాం.

కొలిచిన వేళ, చేరిన వేళ

ఉత్తరం లోపల రాసిన తేదీ ఒకటి, పోస్టాఫీసు ముద్రలోని తేదీ ఒకటి. రెండూ కావాలి, ఒకటి రెండోదానికి బదులు కాదు. కొత్త ఏపీఐలో ప్రతి రీడింగుకూ రెండు సమయాలు ఉంటాయి: పెట్టె చెప్పే కొలిచిన వేళ, సర్వర్ వేసే చేరిన వేళ. ఇది మేము కనిపెట్టినది కాదు. ఓజీసీ (ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్టియం) 2016లో ప్రకటించిన సెన్సర్‌థింగ్స్ ఏపీఐ ప్రమాణం ఘటన జరిగిన సమయాన్ని, ఫలితం వెలువడిన సమయాన్ని మొదటి నుంచీ వేరుగానే చూస్తుంది. ఆ ప్రమాణాన్ని యథాతథంగా పెట్టుకోవచ్చు కదా అని అడగవచ్చు. చిన్న బోర్డు నుంచి పంపడానికి అది బరువు. దాని నమూనాను తీసుకున్నాం, దాని సందేశ రూపాన్ని వదిలేశాం.

కొలిచిన వేళ పంపమని పెట్టెకు చెప్పడం సులువు, ఆ వేళను నమ్మడం కష్టం. ఈఎస్‌పీ32కు బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోయి వస్తే దాని లెక్క ప్రకారం అది 1970 జనవరి 1. నెట్‌వర్క్ దొరికి, ఎన్‌టీపీ ద్వారా సమయం తెచ్చుకునేంతవరకు అక్కడే ఉంటుంది. నెట్‌వర్క్ లేనప్పటి రీడింగులకే కదా మనకు సరైన సమయం కావలసింది! అందుకని ప్రతి పెట్టెలో డీఎస్3231 గడియారపు చిప్పును, దానికో నాణెం బ్యాటరీని చేర్చాం. ఈ మొత్తం పనిలో కొన్న సామాను అంతే.

బ్యాటరీ కూడా ఒకరోజు అయిపోతుంది. అందుకు రెండో దారి పెట్టాం. తన గడియారం మీద నమ్మకం లేని పెట్టె సమయం చెప్పనవసరం లేదు. ఎన్నోసారి మేల్కొన్నదో ఆ సంఖ్య, మేల్కొన్నాక ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో ఆ లెక్క పంపితే చాలు. అదే మెలకువలో తర్వాత ఎప్పుడైనా సరైన సమయం తెలిస్తే, సర్వర్ వెనక్కి లెక్కవేసి పాత రీడింగులకు సమయం కడుతుంది, "లెక్కగట్టినది" అన్న గుర్తుతో. 32 బిట్ల మిల్లీసెకన్ల లెక్క సుమారు 49.7 రోజులకు సున్నాకు తిరిగి వస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి. వనామీ పంట కాలం అంతకన్నా ఎక్కువ. అంటే పెట్టె మధ్యలో ఆగకుండా నడిస్తే ఏ పంటలోనైనా అది జరిగి తీరుతుంది.

సమయ మండలం గురించి ఏపీఐ మొండిగా ఉంటుంది. ఆర్‌ఎఫ్‌సీ 3339 పద్ధతిలో, చివర ప్లస్ 05:30 అనో, ప్రపంచ ప్రామాణిక కాలమైన యూటీసీని సూచించే గుర్తో ఉంటేనే తీసుకుంటుంది. ఏదీ లేని సమయాన్ని ఊహించి అర్థం చెప్పుకోదు. భారత కాలమానాన్ని యూటీసీగా పొరబడితే రీడింగు ఐదున్నర గంటలు భవిష్యత్తులోకి వెళుతుంది. "అన్నిటికన్నా తాజా రీడింగు" అని అడిగే ప్రతి ప్రశ్నకూ ఆ ఐదున్నర గంటలూ అదే జవాబు వస్తుంది. సర్వర్ గడియారం కన్నా రెండు నిమిషాలకు మించి ముందున్న రీడింగు వస్తే దాచుకుంటాం గానీ, హెచ్చరికల లెక్కలోకి రానివ్వం.

అదే మాట రెండుసార్లు వినడం

పెట్టె రీడింగు పంపుతుంది. సర్వర్ రాసుకుంటుంది. "అందింది" అన్న జవాబు తిరిగి వెళ్లేలోపు నెట్‌వర్క్ తెగుతుంది. పెట్టెకు తెలిసిందల్లా జవాబు రాలేదని. మళ్లీ పంపుతుంది. అది తప్పు కాదు, పంపకపోతేనే తప్పు. అయితే వెబ్ సందేశాల నియమావళి హెచ్‌టీటీపీలో పోస్ట్ పద్ధతికి రెండుసార్లు చేసినా ఒకసారి చేసినట్టే ఉండాలన్న హామీ లేదు. పుట్ పద్ధతికి ఉంది. కట్టగా పంపేటప్పుడు ఒక్కో రీడింగుకు ఒక్కో పుట్ అంటే డేటా వృథా. కాబట్టి పోస్ట్‌నే ఉంచి, ఆ హామీని మేమే కట్టాం.

ప్రతి రీడింగుకూ గుర్తింపు మూడు ముక్కలు: పెట్టె సంఖ్య, మెలకువ సంఖ్య, ఆ మెలకువలో క్రమసంఖ్య. ఈ మూడూ కలిపి పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఏకైక సూచిక, అంటే ఒకే కలయిక రెండుసార్లు ఉండదు. అదే గుర్తింపుతో మళ్లీ వస్తే డేటాబేసు నిశ్శబ్దంగా వదిలేస్తుంది, పెట్టెకు మాత్రం మొదటిసారి వచ్చినట్టే విజయ సంకేతం వెళుతుంది. దీనికి 409, అంటే ఉన్నదానితో గొడవ ఉందన్న సంకేతం, ఇవ్వాలని మా బృందంలో గట్టిగా వాదించినవారు ఉన్నారు. పుస్తకం ప్రకారం ఆ వాదన కొట్టివేయదగినది కాదు. కానీ ఇక్కడ జవాబు చదివేది మనిషి కాదు, గట్టు మీది చిన్న బోర్డు. దానికి కావలసింది ఒక్కటే: ఈ రీడింగును నా మెమరీ నుంచి తుడిచేయవచ్చా? తుడవవచ్చు అంటే 200, విజయ సంకేతం. అదే గుర్తింపుతో వేరే విలువ వచ్చినప్పుడు మాత్రమే గొడవగా లెక్కిస్తాం. రెండు విలువలనూ ఉంచి, మాకు కబురు వచ్చేలా చేశాం.

సమయాన్ని గుర్తింపులో భాగం చేయలేదు. గడియారం సరిదిద్దుకున్నప్పుడు సమయం వెనక్కి వెళ్లగలదు, ఒకే క్షణం రెండుసార్లు రాగలదు. క్రమసంఖ్య వెనక్కి వెళ్లదు. పైగా క్రమసంఖ్యలో ఖాళీ కనిపిస్తే ఎన్ని రీడింగులు దారిలో ఉన్నాయో, ఎన్ని పోయాయో తెలుస్తుంది.

చెల్లని రీడింగుల విషయంలో పాత ఏపీఐకి ఇంకొక జబ్బు ఉండేది. వరుసలో ఒక్క రీడింగు చెల్లకపోతే దాన్ని 400తో, అంటే చెల్లదన్న సంకేతంతో, తిప్పికొట్టేది. పెట్టె అదే రీడింగును మళ్లీ పంపేది. మళ్లీ 400. ఆ ఒక్క రీడింగు వెనుక రోజుల తరబడి వరుస ఆగిపోయిన పెట్టె ఒకటి మాకు దొరికింది. ఇప్పుడు కట్టలో ప్రతి రీడింగుకూ విడి తీర్పు ఉంటుంది. బోర్డు మెమరీ తక్కువ గనుక జవాబులో తిరస్కరించిన క్రమసంఖ్యలు మాత్రమే, కారణపు సంకేతంతో, వెళతాయి. జాబితాలో లేనివన్నీ అందినట్టే. తిరస్కరించిన వాటిని మళ్లీ పంపవద్దని ఒప్పందం. వాటి అసలు పాఠాన్ని సర్వర్‌లో విడిగా ఒక పట్టికలో ఉంచుతాం, ఎప్పుడైనా మనిషి చూస్తాడు.

85 డిగ్రీల నీరు, సున్నా ఆక్సిజన్

డీఎస్18బీ20తో పనిచేసినవారికి 85 అంకె బాగా పరిచయం. ఆ చిప్పు కరెంటు తగిలిన వెంటనే, ఇంకా ఏమీ కొలవకముందు, తన రిజిస్టరులో చూపే ఆరంభ విలువ అది. తీగ ఊడిపోతే అందరూ వాడే లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది. పాత ఏపీఐ ఈ రెండింటినీ ఉష్ణోగ్రతలుగానే రాసుకుంది. డీఓ ప్రోబ్ జవాబివ్వకపోతే ఫర్మ్‌వేర్ సున్నా పంపేది. 85ను చూసి నవ్వి వదిలేయవచ్చు, సున్నాను వదిలేయలేం. చెరువు అడుగున డీఓ నిజంగానే సున్నా కావచ్చు. "ఆక్సిజన్ లేదు" అన్న వార్తా, "నాకు తెలియదు" అన్న వార్తా ఒకే అంకెలో వస్తే రాత్రి కాపలా మనిషి ఏమి చేయాలి?

కొత్త ఒప్పందంలో విలువ ఖాళీగా ఉండవచ్చు, ఖాళీ అయితే కారణం తప్పనిసరి. సందేశం రాసే జేసన్ రూపంలో "సంఖ్య కాదు" అని చెప్పే విలువకు చోటు లేదు కాబట్టి ఖాళీ అంటే శూన్య విలువే, కారణం పక్క గదిలో. ప్రోబ్ జవాబివ్వలేదు, చెక్‌సమ్ (దారిలో అంకె చెడలేదని చూసే లెక్క) తప్పింది, ఇంకా వేడెక్కలేదు, ఇలా కొన్ని సంకేతాలు. విలువ ఉండి, అది నమ్మశక్యం కానప్పుడు సర్వర్ "అనుమానం" గుర్తు వేస్తుంది. తీసేయదు, సరిచేయదు. హద్దులు దాటిన రీడింగును పారేయడం అనే అలవాటు చాలా ఏపీఐల్లో చూశాను. మర్యాదస్తుల అలవాటులా కనిపిస్తుంది. కానీ పారేసిన రీడింగు, అసలు రాని రీడింగు గ్రాఫులో ఒకేలా ఉంటాయి. 85లు గంటకు నాలుగు వస్తున్నాయంటే ఆ పెట్టెలో కరెంటు గంటకు నాలుగుసార్లు ఊగుతోందని అర్థం. పారేస్తే ఆ సంగతీ పోయినట్టే.

ముడి అంకె, దిద్దిన అంకె

ఆప్టికల్ ప్రోబ్ నిజానికి లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలవదు. అది చూసేది నీటిలో ఆక్సిజన్ పీడనం, అంటే సంతృప్త శాతం, నీరు పట్టుకోగల ఆక్సిజన్‌లో ఎంత వంతు ఉందో ఆ లెక్క. దాన్ని మిల్లీగ్రాములలోకి మార్చాలంటే ఉష్ణోగ్రత, లవణీయత కావాలి. 30 డిగ్రీల దగ్గర మంచినీరు గాలి నుంచి పట్టుకోగల ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. సముద్రపు నీటిలో అది 6కు కొంచెం పైన. పాత ఫర్మ్‌వేర్‌లో లవణీయత సున్నా అని రాసి ఉంది. 15 పీపీటీ (వెయ్యికి 15 భాగాలు) ఉప్పదనం ఉన్న చెరువులో దాని వల్ల డీఓ 8 శాతానికి పైగా ఎక్కువ కనిపిస్తుంది. 4 అని చూపిన చోట ఉన్నది 3.7. పగలు పెద్ద తేడా కాదు. తెల్లవారుజామున ఏరేటరు వేయాలా వద్దా అని ఆలోచించే చోట అది తేడాయే.

అందుకని పెట్టె లెక్కలు కట్టడం మానేసింది. సంతృప్త శాతాన్ని, ఉష్ణోగ్రతను, లవణీయతను లెక్కగట్టే విద్యుత్ వాహకతను ముడిగా పంపుతుంది. మిల్లీగ్రాములు సర్వర్ లెక్క. ఏ సూత్రపు సంచిక, ఏ లవణీయత, ఏ కాలిబ్రేషన్ (ప్రోబ్‌ను సరిచూసి దిద్దే లెక్క) వాడిందో దిద్దిన అంకె పక్కనే ఉంటుంది. కాలిబ్రేషన్‌ను ప్రోబ్‌లో అంకె మార్చి మరిచిపోయే పనిగా కాక, ఏపీఐలో ఒక విడి వనరుగా చేశాం: ఏ ప్రోబ్, ఎప్పటి నుంచి, ఎంత దిద్దుబాటు, ఎవరు చేశారు. రేపు ఒక కాలిబ్రేషన్ తప్పని తేలితే ఆ కాలానికి మళ్లీ లెక్క కడితే సరిపోతుంది. ముడి అంకెను ఎవరూ ముట్టుకోలేరు. డేటాబేసులో ఆ పట్టిక మీద మార్చే హక్కు ఏపీఐ ఖాతాకే లేదు.

ఇందులో ఇంకో చిన్న మెలిక ఉంది. ప్రోబ్ కొన మీద పాకుడు పడుతుంది, తరచూ తుడవాలి. తుడవడానికి గాలిలోకి ఎత్తినప్పుడు అది దాదాపు 100 శాతం చూపిస్తుంది. అది సహజం, కాలిబ్రేషన్ కూడా తేమగాలిలోనే చేస్తారు. కానీ పొద్దున్నే ప్రోబ్ తుడిస్తే చెరువు ఉన్నట్టుండి కోలుకున్నట్టు కనిపిస్తుంది. యాప్‌లో "ప్రోబ్ శుభ్రం చేస్తున్నా" అన్న బటన్ పెట్టాం. నొక్కడం మరిచిపోతారని తెలుసు గనుక, వాహకత ఒక్కసారిగా సున్నాకు పడితే నీటిలో లేదని సర్వర్ తానే గుర్తు వేసుకుంటుంది. గాలికి ఉప్పదనం ఉండదు కదా.

కరెంటు వచ్చిన నిమిషం

ఊరంతటికీ కరెంటు ఒకేసారి పోతుంది, ఒకేసారి వస్తుంది. పెట్టెలన్నీ ఒకే సెకనులో మేల్కొని, గంటల బాకీని ఒకేసారి పంపడం మొదలుపెడతాయి. నలభై పెట్టెలకు సర్వర్ పడిపోదు గానీ, గట్టు పక్క సెల్ టవర్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. జవాబులు ఆలస్యమవుతాయి, పెట్టెలు మళ్లీ ప్రయత్నిస్తాయి, రద్దీ ఇంకా పెరుగుతుంది. ప్రతి పెట్టె మేల్కొన్నాక కొంత యాదృచ్ఛిక విరామం తీసుకుంటుంది. విఫలమైన ప్రతిసారీ విరామం రెట్టింపు, దానిలోనూ కొంత యాదృచ్ఛికత. సర్వర్ ఇప్పుడు వద్దని చెప్పే 429 లేదా 503 సంకేతం ఇస్తే, ఎంతసేపు ఆగాలో జవాబు శీర్షికలోనే చెబుతుంది.

అయితే అసలు నిర్ణయం వరుస గురించి. పాత బాకీ ఎంత ఉన్నా, ముందు ఇప్పటి రీడింగు వెళ్లాలి. ఆ తర్వాతే పాతవి, కట్టలుగా, మధ్యమధ్య కొత్తదానికి దారి ఇస్తూ. క్రమం తప్పి రావడాన్ని ఏపీఐ సహజంగా తీసుకోగలిగితేనే ఈ ఏర్పాటు సాధ్యం. గుర్తింపు, రెండు సమయాలు ముందే ఉన్నాయి గనుక ఇది ఫర్మ్‌వేర్‌లో కొద్ది మార్పుతో అయిపోయింది.

భద్రత గురించి ఎక్కువ చెప్పను. పాత వ్యవస్థలో పెట్టెలన్నిటికీ ఒకే తాళం ఉండేది, ఇప్పుడు ఒక్కో పెట్టెకు ఒక్కోటి. పెట్టె దొంగిలిస్తే ఆ ఒక్క తాళాన్ని రద్దు చేస్తాం. గడువు ఉండే టోకెన్లు వాడలేదు. 1970లో మేల్కొన్న పెట్టెకు గడువు అర్థం కాదు. సర్వర్ సర్టిఫికెట్ తేదీలను సరిచూసే పెట్టె కూడా సమయం తెలియకపోతే కనెక్షన్‌నే నిరాకరిస్తుంది. గడియారపు చిప్పు అక్కడా పనికొచ్చింది.

చదివేవారి వైపు

రీడింగులను తీసుకోవడం మీద పెట్టిన శ్రద్ధ తిరిగి ఇవ్వడం మీద పెట్టకపోతే అదే అబద్ధం వేరే తలుపు నుంచి వస్తుంది. గ్రాఫు గీసేవారు కొలిచిన వేళ ప్రకారం అడుగుతారు. సరే. కానీ "నేను నిన్న చూసిన తర్వాత కొత్తగా వచ్చినవి ఇవ్వు" అని అడిగే యాప్ కూడా కొలిచిన వేళనే వాడితే, ఆలస్యంగా చేరిన రీడింగులు దానికి ఎప్పటికీ కనిపించవు. ఎందుకంటే వాటి వేళను యాప్ ఇప్పటికే దాటి వచ్చేసింది. అందుకే రెండు రకాల అడుగు: గ్రాఫులకు కొలిచిన వేళ, సమకాలీకరణకు చేరిక సంఖ్య, అంటే సర్వర్‌కు చేరిన వరుసలో వేసే అంకె. చేరిక సంఖ్యలోనూ ఒక గోతి ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ముందు సంఖ్య తీసుకున్న లావాదేవీ (డేటాబేసులో ఒక దఫా రాత) తర్వాత ముగియవచ్చు. 1005 చూసి వెళ్లిపోయిన పాఠకుడికి, ఆలస్యంగా ఖరారైన 1004 దొరకదు. కొన్ని సెకన్లలోపు చేరిన వాటిని సమకాలీకరణ జవాబులో చూపకుండా ఆపి ఉంచడం మా పరిష్కారం.

గంటల సారాంశంలో పాత యాప్ సగటు చూపేది. డీఓకు సగటు పనికిరాదు. రొయ్య సగటు పీల్చదు. గంటకు కనిష్ఠం, అది ఎన్ని రీడింగుల మీద ఆధారపడిందో ఆ సంఖ్య, రెండూ ఇస్తున్నాం. పన్నెండు రావలసిన గంటలో రెండే వస్తే యాప్ ఆ గంటను బూడిద రంగులో చూపుతుంది. రీడింగు లేని చోట గీత తెగుతుంది, రెండు కొసలను కలిపి నున్నగా గీయదు.

నిల్వ గురించి అడిగేవారికి: ఒక విలువకు రోజుకు 288, నాలుగు విలువలకు 1152, నలభై చెరువులకు 46,080. ఏడాదికి కోటీ 68 లక్షల వరుసలు. నెలవారీగా విభజించిన మామూలు పోస్ట్‌గ్రెస్ పట్టిక చాలు. పెద్ద పెద్ద సందేశ వరుసల సాఫ్ట్‌వేర్లు తగిలిద్దామన్న సలహాలు వచ్చాయి. రాత్రి మూడింటికి చెడిపోతే బాగుచేయవలసింది మేమే గనుక మర్యాదగా వద్దన్నాం.

మోగవలసిన వేళ మోగడం

హెచ్చరిక ఇప్పుడు కొలిచిన వేళనే చూస్తుంది. పాత రీడింగు ఎంత ఎక్కువున్నా, ఒకసారి లేచిన హెచ్చరికను అది చల్లార్చలేదు. హెచ్చరిక లేచిన తర్వాత కొలిచిన, అనుమానం గుర్తు లేని, వరుసగా మూడు రీడింగులు హద్దు పైన ఉంటేనే చల్లారుతుంది.

మౌనం కూడా హెచ్చరికే. పగలు అరగంట, రాత్రి పది దాటాక పదిహేను నిమిషాలు తాజా రీడింగు లేకపోతే డీఓ తగ్గినప్పుడు వెళ్లే ఫోన్ కాలే వెళుతుంది, మాట మాత్రమే వేరు. మొదట్లో కాపలావారికి ఇది విసుగు. చెరువు బాగానే ఉంది, మీ పెట్టే నిద్రపోయింది కదా అని. యజమానితో మాట్లాడి ఒక నియమం పెట్టుకున్నాం: మౌనం కాల్ వస్తే చేతిమీటరుతో ఒక రీడింగు తీసి యాప్‌లో రాయాలి. ఆ చేతి రీడింగు కూడా అదే ఏపీఐ గుండా, "మనిషి కొలిచినది" అన్న గుర్తుతో వెళుతుంది.

రాత్రి డీఓ తగ్గుదల చాలావరకు సరళరేఖలో ఉంటుంది. పొద్దు గూకాక ఒకసారి, రెండు మూడు గంటల తర్వాత ఇంకోసారి కొలిచి, గీతను తెల్లవారుజాము వరకు పొడిగించే పద్ధతిని అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో క్లాడ్ బాయిడ్ వంటివారు 1970లలోనే చేపల చెరువుల కోసం ప్రతిపాదించారు. మా సర్వర్ రాత్రి పదిన్నరకు అదే గీత గీస్తుంది. తెల్లవారుజామున ఐదుకు డీఓ 3 కన్నా దిగవచ్చని తేలితే అప్పుడే సందేశం వెళుతుంది, జనరేటర్‌లో డీజిల్ చూసుకోవడానికి సమయం ఉండగానే. రైతులు ఈ వ్యవస్థలో అన్నిటికన్నా ఇష్టపడింది ఈ పదిన్నర సందేశాన్నే. ఏపీఐ శుద్ధి గురించి వారికేమీ పట్టింపు లేదు, ఉండవలసిన అవసరమూ లేదు.

సందేశాల గురించి ఒక ఆచరణాత్మక విషయం. తెలుగు ఎస్‌ఎంఎస్ ఒకదానిలో 70 అక్షర సంకేతాలే పడతాయి, ఇంగ్లిష్‌లో 160. ఒత్తులూ గుణింతాలూ విడి సంకేతాలే గనుక డెబ్బై తొందరగా అయిపోతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల కింద సందేశపు నమూనాను ముందే నమోదు చేయించాలి కాబట్టి, తర్వాత మాట మార్చుకుందాంలే అనుకోవడానికి లేదు. చెరువు సంఖ్య, డీఓ, కొలిచిన వేళ, అంతే. "కొలిచిన వేళ" ఉండి తీరాలని పట్టుబట్టాం.

ఏరేటర్లను ఏపీఐ నుంచే వేయమని యజమాని కొడుకు అడిగారు. వైరింగ్ పరంగా కష్టం కాదు. కానీ పాకుడు పట్టిన ప్రోబ్ మాట విని ఆపకూడని వేళ ఆపివేసే ప్రమాదం ఉంది. వేయడం వరకు ఒప్పుకున్నాం, ఆపడం మనిషి చేతిలోనే ఉంచాం.

పెట్టె చెరువు మారినప్పుడు

చివరిగా తేలినది, మాకు బాగా నచ్చిన చిక్కు. ఒక చెరువులో రొయ్యలు పట్టడం అయిపోయి ఎండగట్టినప్పుడు దాని పెట్టెను వేరే చెరువుకు మారుస్తారు. పాత డేటాబేసులో పెట్టె సంఖ్యే చెరువు సంఖ్య. పెట్టె కదలగానే పాత చెరువు చరిత్రంతా కొత్త చెరువు పేరు మీదికి వెళ్లిపోయేది. ఇప్పుడు రీడింగుకు పెట్టె మాత్రమే తెలుసు. ఏ పెట్టె ఏ చెరువులో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉందో చెప్పే పట్టిక వేరు. రెండింటినీ కలిపేది కొలిచిన వేళ. పెట్టెను ఏడో చెరువు నుంచి పన్నెండుకు మార్చిన మర్నాడు ఏడో చెరువు బాకీ రీడింగులు చేరినా అవి ఏడుకే వెళతాయి.

ఈ ఏర్పాటు మీద ఒక వానాకాలం గడిచింది. మబ్బు పట్టిన వారాల్లో రీడింగుల మాటకూ గట్టు మీది మాటకూ తేడా వచ్చిందన్న ఫిర్యాదు రాలేదు. నెట్‌వర్క్ పోవడం, పెట్టెలు నిద్రపోవడం ఏమీ తగ్గలేదు, అవి జరిగినప్పుడు తెలుస్తోంది. తేలని విషయం పాకుడు. ప్రోబ్ మీద అది నెమ్మదిగా పేరుకుంటే రీడింగు కూడా నెమ్మదిగానే జారుతుంది, ఏ గెంతూ ఉండదు, ఏ గుర్తూ పడదు. ప్రస్తుతం చేతిమీటరు రీడింగుతో ప్రోబ్ తేడాను ప్రోబ్‌వారీగా నమోదు చేస్తున్నాం. తేడా 0.5 దాటిన ప్రోబ్ పేరు ఉదయం మేత వేసే వేళకు యాప్‌లో పైకి వస్తుంది, ఆ పూట దాన్నే ముందు తుడుస్తారు.